ఏడేళ్ల వాడకం తర్వాత అపాచీ సీఎక్స్‌ఎఫ్

జావాలో సోప్ (ప్రోగ్రాములు ఎక్స్‌ఎంఎల్ మెసేజ్‌లతో మాట్లాడుకునే పద్ధతి) సర్వీసుల కోసం మా టీమ్ ఏడేళ్లుగా అపాచీ సీఎక్స్‌ఎఫ్ అనే ఫ్రేమ్‌వర్క్ వాడుతోంది. సెల్టిక్స్, ఎక్స్‌ఫైర్ అనే రెండు ప్రాజెక్టులు కలిసి ఒకటయ్యాయి కాబట్టి దానికి ఆ పేరు. సోప్ తప్పనిసరి అయిన చోట నేను ఇప్పటికీ దీన్నే ఎంచుకుంటాను. కాకపోతే మొదట్లో కొంచెం ఓపిక కావాలి.

మొదటి వారం నన్ను ఏడిపించిన ఎర్రర్ ‘నో కాండ్యూట్ ఇనీషియేటర్ వాజ్ ఫౌండ్’, అంటే మెసేజ్ పంపే మార్గాన్ని తయారుచేసే భాగం దొరకలేదని. నా సిస్టమ్‌లో అంతా బాగానే నడిచింది. ఒకే జార్‌గా (జావా ప్రోగ్రాము ప్యాకేజీ ఫైలుగా) కట్టి సర్వర్‌లో పెట్టగానే ఇది మొదలైంది. డిపెండెన్సీలన్నీ ఉన్నాయి, వెర్షన్లు కలిశాయి. రెండు రోజులు ఒకటే టెన్షన్. చివరికి జార్ విప్పి చూస్తే సంగతి తెలిసింది. సీఎక్స్‌ఎఫ్ జార్లలో బస్-ఎక్స్‌టెన్షన్స్ అనే చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటుంది. ఆ జార్‌లో ఏయే భాగాలున్నాయో సీఎక్స్‌ఎఫ్‌కు తెలిసేది దాని ద్వారానే. అన్నిటికీ ఒకటే పేరు కావడంతో జార్లన్నిటినీ ఒకటిగా కట్టే మావెన్ షేడ్ ప్లగిన్ ఒక్కదాన్ని ఉంచి మిగతావి వదిలేసింది. హెచ్‌టీటీపీ భాగం జార్‌లో ఉన్నా దాని జాడ పోయింది. షేడ్‌లో అపెండింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి ఆ ఫైళ్లన్నీ ఒకటిగా చేర్చాక పని చేసింది.

సీఎక్స్‌ఎఫ్ 4.0కి మారడం ఇంత కష్టం కాలేదు. జావా 17 పెట్టుకుని, ఇంపోర్టులను జావాఎక్స్ నుంచి జకార్తా ప్యాకేజీలకు మార్చుకున్నాం, అంతే.

ఎర్రర్ల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మన కోడ్ పట్టుకోని ఎక్సెప్షన్ మెసేజ్ మామూలుగా సోప్ ఫాల్ట్‌లో (ఎర్రర్ జవాబులో) అలాగే క్లయింట్‌కు వెళ్లిపోతుంది. మా టేబుల్ పేరు, కాలమ్ పేరుతో సహా ఒక డేటాబేస్ ఎర్రర్ అలా అవతలివాళ్ల చేతికి చేరింది. తప్పు మాదే. ఆ తర్వాత మా ఫాల్టులను సర్వీసును వివరించే డబ్ల్యూఎస్‌డీఎల్ ఫైలులోనే ప్రకటించాం. ఊహించని వాటికి మెసేజ్‌ను మధ్యలో పట్టుకుని చూసే ఇంటర్‌సెప్టర్ ఒక రిఫరెన్స్ నంబరు మాత్రమే ఇస్తుంది, అసలు వివరం మా లాగ్‌లో ఉంటుంది.

టైమ్‌అవుట్ ఇంకా ప్రమాదం. మనం మార్చకపోతే క్లయింట్ కనెక్షన్‌కు 30 సెకన్లు, జవాబుకు 60 సెకన్లు ఆగుతుంది. జవాబు రాలేదంటే అవతల పని జరగలేదని కాదు. ఆ తేడా తెలియక మళ్లీ పంపేసరికి ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదైంది. ఇప్పుడు ప్రతి రిక్వెస్టుకూ సొంత ఐడీ ఇస్తున్నాం. టైమ్‌అవుట్ వస్తే ముందు ఆ ఐడీతో స్థితి అడిగి, ఆ తర్వాతే మళ్లీ పంపాలా వద్దా అని తేల్చుకుంటాం.