‘ఎఫ్’ దగ్గర మిగుల్చుకున్న రెండు వేలు

2022 చివర్లో పీసీ కట్టించుకున్నప్పుడు గేముల కోసమే కదా అని డబ్బంతా గ్రాఫిక్స్ కార్డు మీదే పెట్టాను. 12 జీబీ కార్డు తీసుకుని, ప్రాసెసర్ దగ్గర లోపల గ్రాఫిక్స్ ఉండని ఇంటెల్ ఐ3-10100ఎఫ్‌తో సరిపెట్టాను. ‘ఎఫ్’ లేనిది కావాలంటే ఇంకో రెండు వేలు అన్నారు. కార్డు ఉండగా ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఎందుకని వదిలేశాను. రెండున్నరేళ్లు అడిగిన వాళ్లందరికీ ఇదే సలహా ఇచ్చాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పగలు ఈ పీసీ మీదే డీటీపీ పని, రాత్రి పది దాటాక పాతపట్నంలో ఉండే తమ్ముడితో గేములు. 2025 మే నెలలో, పెళ్లిళ్ల సీజన్‌లో, ఒక పక్క ఒడియా, ఒక పక్క తెలుగు ఉండే శుభలేఖలు నాలుగు చేతిలో ఉండగా తెరంతా గళ్లు గళ్లుగా వచ్చి నల్లబడిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బొమ్మ లేదు. మదర్‌బోర్డు వెనక హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది కదా అని కేబుల్ అందులో పెట్టాను. రాలేదు. ఆ పోర్టుకు బొమ్మ పంపాల్సింది ప్రాసెసరే. ఎఫ్ రకంలో ఆ గ్రాఫిక్స్ ఉండవు. అంటే కార్డు పోతే పీసీ మొత్తం పోయినట్టే.

కార్డుకు మూడేళ్ల వారంటీ ఇంకా మిగిలే ఉంది. బిల్లు విశాఖది కాబట్టి గుణుపూర్ పాసింజర్‌లో నేనే తీసుకెళ్లి ఇచ్చాను. వారం అన్నారు, 38 రోజులు పట్టింది. ఎప్పుడు ఫోన్ చేసినా "పైకి పంపాం సార్" అనే మాటే. రెండు శుభలేఖలు తెలిసిన వాళ్ల సెంటర్‌లో కూర్చుని మొదటి నుంచి మళ్లీ కంపోజ్ చేశాను. నా ఫైళ్లన్నీ ఇంట్లో భద్రంగానే ఉన్నాయి, చూడటానికే దారి లేదు. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

"అన్నయ్యా, కార్డు ఎప్పుడొస్తుందో ఏమో, ముందు ప్రాసెసర్ మార్చెయ్" అన్నాడు తమ్ముడు. అదే సాకెట్‌కు సరిపోయే ఐ5-10400, ఎఫ్ లేనిది, బరంపురంలో సెకండ్ హ్యాండ్‌ది దొరికింది. బిగించాక అదే పోర్టులో కేబుల్ పెడితే బొమ్మ వచ్చింది. మిగతా రెండు శుభలేఖలు ఆ రాత్రే పూర్తిచేశాను. తర్వాత వాలరెంట్ గేమ్ కూడా తెరిచాం. 720పీ అనే తక్కువ రిజల్యూషన్‌లో, సెట్టింగులన్నీ తగ్గించి, కార్డు లేకుండానే నెలంతా ఆడాం. నేనసలు ఊహించలేదు.

కార్డు తిరిగొచ్చాక ఇంకో సంగతి బయటపడింది. కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ బాంబులు పడి నలుగురూ ఒకచోట చేరితే ఆట పట్టేసేది. నెట్ సరిగా లేదనుకునేవాణ్ణి. అప్పట్లో కార్డు, ప్రాసెసర్ ఎంత పనిచేస్తున్నాయో చూపించే ఆఫ్టర్‌బర్నర్‌లో చూసినప్పుడు కార్డు వాడకం అరవై శాతం దగ్గరుంటే, ఐ3లోని నాలుగు కోర్లూ, అంటే లెక్కలు చేసే భాగాలు, నిండిపోయి ఉండేవి. కార్డు ప్రాసెసర్ కోసం ఖాళీగా ఎదురుచూస్తోందని అప్పుడు అర్థం కాలేదు. ఆరు కోర్లు వచ్చాక సెకనుకు వచ్చే సగటు ఫ్రేములు (బొమ్మలు) పెద్దగా పెరగలేదు కానీ ఆ పట్టేయడం పోయింది. మీకూ అనుమానముంటే రిజల్యూషన్ 720పీకి తగ్గించి చూడండి. అయినా ఫ్రేములు పెరగకపోతే ఆపుతున్నది చాలావరకు ప్రాసెసరే.

అలాగని కార్డు తగ్గించుకోమనను. సైబర్‌పంక్ 2077లో ప్రాసెసర్ మార్చినా నాకు తేడా తెలియలేదు. అక్కడ కార్డు ముందు నుంచీ పూర్తిగానే పనిచేస్తోంది. అలాంటి కథ గేములే ఆడేవాళ్లకు, సెకనుకు 60 సార్లే బొమ్మ మార్చే 60 హెర్ట్జ్ మానిటర్ ఉన్నవాళ్లకు నా పాత సలహా ఇప్పటికీ పనికొస్తుంది. నాది 144 హెర్ట్జ్. పైగా పీసీ ఆగితే నాకు పని ఆగుతుంది, సర్వీస్ సెంటరేమో రాష్ట్రం అవతల.

తమ్ముడు ఇప్పుడు కొత్తది కట్టించుకుంటున్నాడు. ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ ఉన్నాయి కానీ ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలి వేగమైన చిన్న మెమరీ, 16 ఎంబీనే. గ్రాఫిక్స్ లేని 5600లో 32 ఎంబీ ఉంది, కార్డుతో ఆడేటప్పుడు అదే కాస్త ముందుంటుంది. నేనైతే జీ తీసుకుంటాను. వాడికి ఇంట్లో ల్యాప్‌టాప్ కూడా ఉంది కాబట్టి 5600 వద్దని గట్టిగా చెప్పలేకపోయాను.