పాత కొరొల్లా 1.8కి బెల్ట్ టెన్షనర్: కంపెనీ అసెంబ్లీ కొనాలా, రోలర్ మారిస్తే సరిపోతుందా?

2003 నుంచి 2008 వరకు మన దగ్గర అమ్మిన టయోటా కొరొల్లాలో 1జడ్‌జడ్-ఎఫ్ఈ పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు నడిపే ఆ కాలపు కొరొల్లాల్లోనూ ఎక్కువగా ఇదే. ఇంజిన్ గట్టిది. కానీ వయసు మీదపడ్డ బండిలో డ్రైవ్ బెల్ట్ టెన్షనర్, అంటే ఏసీ కంప్రెసర్, వాటర్ పంపులాంటి వాటిని తిప్పే బెల్టును బిగువుగా ఉంచే భాగం, పోవడం చాలా మామూలు. దీనికి టయోటా జెన్యూన్ అసెంబ్లీ (మొత్తం సెట్టు), బయటి కంపెనీల అసెంబ్లీ, ఒట్టి రోలర్ (బెల్టు ఆనే చిన్న చక్రం) అని మూడు రకాలుగా దొరుకుతుంది. డబ్బు పెట్టాల్సింది మొదటిదాని మీదే. ఎందుకో తెలియాలంటే అది ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఇందులో ఒట్టి స్ప్రింగు కాదు, నూనె నిండిన చిన్న హైడ్రాలిక్ స్ట్రట్ ఉంటుంది. ఏసీ కంప్రెసర్ పట్టినప్పుడల్లా, వదిలినప్పుడల్లా బెల్టులో వచ్చే ఊపును అదే మింగుతుంది. ఏళ్ల తరబడి వేడికి సీలు గట్టిపడి నూనె కారిపోతే స్ట్రట్‌లో పట్టు ఉండదు. అప్పుడు ఐడిల్‌లో (బండి కదలకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు), ముఖ్యంగా ఏసీ వేసినప్పుడు, టకటకమని కొట్టుకుంటుంది. ఆ శబ్దం విని ఇంజిన్ లోపలే ఏదో పోయిందని భయపడేవాళ్లు చాలామంది. రోలర్ బేరింగ్ పోతే మాత్రం శబ్దం వేరు: గీరుతున్నట్టు, ఆర్పీఎమ్‌తో పాటు పెరిగే కూత. అంటే రోలర్ ఒక్కటే మార్చడం రెండో జబ్బుకే మందు. స్ట్రట్ మీద నూనె తడి కనిపిస్తే రోలర్ మార్చినా టకటక పోదు.

కొనే ముందు ఒక పరీక్ష. ఇంజిన్ ఆపి, టెన్షనర్ మీద ఉన్న 19 నంబర్ షట్కోణానికి పొడుగు స్పానర్ వేసి గడియారం దిశలో నెమ్మదిగా తిప్పండి. నిలకడగా, బరువుగా కదలాలి.  పట్టు లేకుండా తేలిగ్గా ఊగిందంటే అది పోయినట్టే. అప్పటికీ అనుమానం తీరకపోతే బెల్టు తీసి, ముప్పై సెకన్లు మించకుండా ఇంజిన్ నడిపి వినండి. శబ్దం ఆగితే తప్పు ఇంజిన్ లోపల కాదు, బెల్టు వైపే. వాటర్ పంపు ఈ బెల్టు మీదే తిరుగుతుంది కాబట్టి అంతకన్నా ఎక్కువ నడపకూడదు.

ఇక బిగింపు. టెన్షనర్‌ను పట్టి ఉంచేవి ఒక బోల్టు, ఒక నట్టు. పావుగంట పనిలాగే కనిపిస్తుంది, కానీ కాదు. పొడవాటి బోల్టు బయటికి వచ్చే దారిలో బాడీ చాసిస్ అడ్డం వస్తుంది. అందుకే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి, ముందు కుడి చక్రం విప్పి, బండిని స్టాండు మీద నిలపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చేతులు పెట్టొద్దు. ఆయిల్ పాన్ కింద వెడల్పాటి చెక్క పెట్టి, ఇంకో జాకీతో ఇంజిన్ బరువు మోయించి, కుడివైపు ఇంజిన్ మౌంటింగ్ విప్పాలి. ఇంజిన్‌ను కొద్దికొద్దిగా పైకో కిందికో జరిపితే బోల్టుకు సందు దొరుకుతుంది. చెక్క లేకుండా జాకీ ఆనిస్తే పాన్ సొట్టపడుతుంది. సందు దొరకలేదని బోల్టు కోసేయమనే సలహా వింటే మాత్రం వద్దే వద్దు.

తిరిగి బిగించేటప్పుడు టార్క్ (బిగించే బలం) బోల్టుకు 69 న్యూటన్ మీటర్లు, నట్టుకు 29. ఈ తేడా ముఖ్యం. రెండింటినీ ఒకే బలంతో లాగితే నట్టు ఎక్కే స్టడ్ మర పోతుంది.

బెల్టు విప్పకముందే దాని దారిని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వేసిన తర్వాత ప్రతి పుల్లీ దగ్గరా వేలితో తడిమి చూడాలి. ఒక్క గాడి పక్కకు తప్పినా బెల్టు అంచు పీచులు పీచులుగా ఊడిపోతుంది. కొత్త రకం ఈపీడీఎమ్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) బెల్టులు పగుళ్లు చూపించవు, టైరులా అరిగిపోతాయి. పైకి నున్నగా ఉందని పాతదే వేయకండి. పాత బెల్టు మీది నంబరు చూసి కొత్తది తెచ్చుకోండి. బెల్టు మీద స్ప్రే కొట్టి శబ్దం ఆపడం మాత్రం జబ్బు దాచడమే.

ఈ ఇంజిన్‌లో వాటర్ పంపు కారడం కూడా తరచూ చూసేదే. పంపు కింద గులాబీ రంగు కూలెంట్ మరక ఉంటే ఆ పనీ ఇప్పుడే చేసేయాలి, ఎలాగూ బెల్టు చేతిలోనే ఉంది.

జెన్యూన్ అసెంబ్లీలో స్ట్రట్, రోలర్‌ను మోసే ఆర్మ్, రోలర్ కలిసే వస్తాయి, మూడూ ఒకేసారి కొత్తవవుతాయి. ధర ఎక్కువే, ఆ మాట దాచక్కర్లేదు. కానీ ఇంజిన్ మౌంటింగ్ విప్పాల్సిన పనిని రెండోసారి చేయించే చవక సామాను చివరికి చవక కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పేరు లేని పెట్టెలో ఇస్తే, కొట్లోనే రోలర్ తిప్పి, ఆర్మ్ అటూ ఇటూ వదులుగా ఊగుతుందేమో చూడండి. బండి చాసిస్ నంబరు చెప్పి సరైన భాగమేనని నిర్ధారించుకున్నాకే డబ్బులివ్వండి.

ఇది టైమింగ్ బెల్టు కాదు, ఈ ఇంజిన్‌లో టైమింగ్‌కు చైన్ ఉంది. కాబట్టి పనిలో తడబడినా వాల్వులు వంగవు. అయితే దారిలో బెల్టు తెగితే బ్యాటరీ లైటు వెలుగుతుంది, వాటర్ పంపు ఆగిపోతుంది. అప్పుడు వెంటనే ఇంజిన్ ఆపకపోతే వేడెక్కి ఇంజిన్ హెడ్ పాడైపోవచ్చు. టార్క్ రెంచ్, రెండు జాకీలు, స్టాండ్లు లేనివాళ్లు సామాను తామే కొనుక్కుని, బిగింపు మాత్రం మెకానిక్‌కు అప్పగించడం మేలు.