పుస్తకానికి రెండు స్టార్లు, టేబుల్‌కి నాలుగు: మా వీధి చిన్న పార్టీ మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, పార్టీ పేరు రాయను. రాస్తే పొగిడిన చోట నన్ను వాళ్ల కార్యకర్త అంటారు, తిట్టిన చోట ఇంకో పార్టీ పంపిన మనిషి అంటారు, మందుల షాపులో పని చేసుకునే నాకు ఈ రెండు బిరుదులూ వద్దు. తిరుపతిలో మేముండేది కొర్లగుంట. మా వీధి చివర ఇస్త్రీ బండి పక్కన ప్రతి ఆదివారం ఒక మడత టేబుల్, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక ఫ్లెక్సీ వెలుస్తాయి. ఫ్లెక్సీలో చేతులు కట్టుకుని నిలబడ్డ నాయకుణ్ణి నేను టీవీలో ఒక్కసారీ చూడలేదు. టేబుల్ మీద కుటుంబ సంక్షేమం, సమాజ సంక్షేమం గురించి పది రూపాయల పుస్తకం. కొన్నా, చదివా, తర్వాత ఆ టేబుల్ దగ్గర పని కూడా చేయించుకున్నా. రెండూ ఒకే పార్టీవి అంటే నమ్మబుద్ధి కాదు, అందుకే మార్కులు వేరువేరుగా వేస్తున్నా.

పుస్తకం ఇరవై నాలుగు పేజీలు. మొదటి ఎనిమిది పేజీలు ఎక్కడో చదివినట్టే ఉంటాయి, ఎందుకంటే నిజంగానే చదివాం. తల్లికి వందనం పథకం కింద బడికెళ్లే ఒక్కో బిడ్డకీ తల్లి ఖాతాలో ఏడాదికి ఇప్పుడు 13,000 పడుతోంది కదా (15,000లో రెండు వేలు బడి నిర్వహణకు పట్టుకుంటారు), వీళ్లు 20,000 అన్నారు. వృద్ధాప్య పింఛను 4,000 అయితే వీళ్లది 6,000. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అయితే వీళ్లవి ఆరు. పక్క కొట్టు బోర్డు చూసి దానికి పై అంకె రాసుకోవడం తప్ప ఇందులో ఆలోచన ఏముంది? డబ్బు ఎక్కడిది అన్నదానికి మొత్తం పుస్తకంలో ఒకే ఒక్క మాట, అవినీతిని అరికట్టి తెస్తారట. మా ఓనరు కూడా బోరు బాగు చేయించడం గురించి ఇలాగే చెప్తుంటాడు.

కొత్త పార్టీ మాటలు మా ఊరికి కొత్త కాదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం అన్న ఎన్టీఆర్‌ను, పార్టీ పెట్టి ఏడాది కూడా నిండకముందే, గెలిపించిన ఊళ్లలో తిరుపతి ఒకటి. 2008 ఆగస్టు 26న చిరంజీవి ప్రజారాజ్యం పెట్టింది ఇక్కడి సభలోనే, 2009లో సొంత జిల్లాలో పాలకొల్లు ఓడిస్తే ఆయన్ని అసెంబ్లీకి పంపింది కూడా మేమే. ఆ పార్టీకి వచ్చినవి 18 సీట్లు, 2011కల్లా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆ సభకి నేనూ వెళ్లా, చెప్పు ఒకటి పోగొట్టుకుని వచ్చా. కాబట్టి చిన్న పార్టీ అని నేను చులకన చేయను, పెద్ద మాటలు చెప్తే పొంగిపోనూ పోను. ఇంకోటి, ఆరేళ్లుగా ఒక్క ఎన్నికలో కూడా పోటీ చేయని 334 పార్టీలను 2025 ఆగస్టులో ఎన్నికల సంఘం జాబితా నుంచి తీసేసింది. వీళ్లు అందులో లేరు, అదొక ప్లస్సు.

మూడో బిడ్డ గురించి ఒక పేజీ ఉంది, అది నాకు అస్సలు నచ్చలేదు. స్థానిక ఎన్నికల్లో పోటీకి ఇద్దరు పిల్లల నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది, అప్పట్నుంచి పిల్లల్ని కనండి అనేవాళ్లు ఎక్కువయ్యారు, వీళ్లూ ఆ వరసలో చేరారు. ఆ పేజీ చదివి మా ఆవిడ అన్నది ఒకటే, "కనమనేవాళ్లు వచ్చి రెండు రోజులు ఉతకమను."

అయితే పదిహేడో పేజీ కోసం పుస్తకం కొనొచ్చు. బస్టాండు చుట్టూ లాడ్జీల్లో రూములు తుడిచే ఆడవాళ్లు, హోటళ్లలో గిన్నెలు కడిగేవాళ్లు, పూలు కట్టేవాళ్లు, వీళ్లంతా తెల్లారుజామునే పనిలోకి దిగుతారు. అంగన్‌వాడీ తలుపు తీసేసరికి వాళ్ల పని సగం అయిపోయి ఉంటుంది. అప్పటిదాకా బిడ్డ ఎక్కడ? మా షాపు పక్క లాడ్జీలో ఒకామె రెండేళ్ల పాపను మెట్ల కింద ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద పడుకోబెట్టి పైకి వెళ్తుంది, నేను షట్టరు తీసేటప్పుడు రోజూ చూస్తా. ఈ పార్టీ పొద్దున అయిదు నుంచే నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు బస్టాండుకీ మార్కెట్‌కీ నడిచి వెళ్లేంత దూరంలో పెడతామంటోంది. పెద్ద పార్టీల మేనిఫెస్టోల్లో నా కంటికి ఇది పడలేదు. ఇది రాసినవాళ్లు తిరుపతిని తెల్లవారుజామున చూసినవాళ్లే, కుర్చీలో కూర్చుని రాసింది కాదు. టేబుల్ దగ్గరుండే కుర్రాణ్ణి దీనికెంత ఖర్చవుతుందని అడిగితే "లెక్క వేయలేదన్నా" అన్నాడు. నిజం చెప్పినందుకు సంతోషం, లెక్క వేయనందుకు ఒక స్టారు కోత.

ఇక టేబుల్ సంగతి. మాకు ఇద్దరు పిల్లలు, పెద్దది ఏడో తరగతి, చిన్నోడు నాలుగో తరగతి. 2025 జూన్‌లో వీధిలో అందరికీ తల్లికి వందనం పడింది, మాకు పడలేదు. అనర్హుల జాబితాలో మా ఆవిడ పేరు, పక్కన కారణం, నెలకు కరెంటు 300 యూనిట్లు దాటిందని. మా ఇంట్లో ఉన్నవి రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్, మిక్సీ! ఒక ఆఫీసుకి వెళ్తే సర్వర్ లేదన్నారు, ఇంకో ఆఫీసుకి పొమ్మన్నారు, అక్కడ మళ్లీ మొదటిదానికే పొమ్మన్నారు, నేను మూడు రోజుల జీతం పోగొట్టుకున్నా, పేర్లు ఎందుకులెండి.

ఆదివారం ఊరికే ఆ టేబుల్ దగ్గర ఆగి చెప్పా. కుర్రాడు కాగితం చూసి, "అన్నా, మీ ఆధార్‌కి ఏ మీటరు తగులుకునిందో చూసినారా?" అన్నాడు. మీటరుకీ ఆధార్‌కీ లింకు ఉంటుందనే నాకు తెలీదు. చూపిస్తే అది మేడ మీద ఓనరు వాళ్ల మీటరు! రెండు ఏసీలు, గీజరు, మోటారు, అన్నీ మా నెత్తిన. ఎప్పుడో సర్వేకి వచ్చినవాళ్లు ఇంటి నంబరు ఒకటే కదా అని కలిపేసినట్టున్నారు. అద్దె ఇళ్లలో ఇది మామూలేనంట, ఆ నెలలోనే అతని దగ్గరికి ఇట్లాంటివి చాలా వచ్చాయట.

కుర్రాడు పాత కరపత్రం వెనక వరసగా రాసిచ్చాడు: ముందు మా వార్డు సచివాలయంలో మీటరు నంబరు రాయించుకోవాలి, తర్వాత కరెంటు ఆఫీసులో ఆ మీటరు మాది కాదని అర్జీ, దానికి అద్దె కాగితం, మా ఇంటి మీటరు బిల్లు జత, మళ్లీ సచివాలయంలో అభ్యంతరం నమోదు, రసీదు తీసుకోకుండా కదలొద్దు. చివరి మాట కింద రెండు గీతలు. దక్షిణ ప్రాంత కరెంటు కంపెనీ పెద్దాఫీసు ఉన్న ఊరు మాది, అయినా మీటరు గురించి నాకు పాఠం చెప్పింది ఇస్త్రీ బండి పక్కన టేబుల్.

అసలు చిక్కు ఓనరుతో వచ్చింది. మీటరు తన ఆధార్‌కి మారితే ఆ యూనిట్లు లెక్కేసి వాళ్లమ్మ పింఛను ఎక్కడ తీసేస్తారోనని ఆయన భయం, ఆధార్ ఇవ్వనన్నాడు. ఆయనకి ఏదో ఒకటి చెప్పి సంతకం పెట్టించుకోవచ్చా అని అడిగా, సిగ్గులేకుండా. కుర్రాడు ఒప్పుకోలేదు. "పెద్దాయనకి అబద్ధం చెప్పొద్దన్నా, ఆధార్ లేకున్నా చూద్దాం" అని, కింది పోర్షన్‌లో మేం అద్దెకుంటున్నామని మాత్రం రాసిన కాగితం తయారు చేశాడు, దానికి ఓనరు సంతకం పెట్టాడు. పని అయింది. తర్వాతి విడతలో 26,000 మా ఆవిడ ఖాతాలో పడ్డాయి. డబ్బు ప్రభుత్వం ఇచ్చిందే, పథకం వేరే పార్టీదే, వీళ్లకి అందులో పైసా లేదు. వీళ్ల పుస్తకంలోని 20,000 ఎప్పుడొస్తుందో గానీ, ఉన్న 13,000 మాత్రం వీళ్ల వల్లే నా ఇంటికి చేరింది. ఈ సంగతి పుస్తకంలో ఒక్క లైను కూడా లేదు, చూడండి! పార్టీ చేసే అసలైన పని గురించి పార్టీకే తెలియదేమో అనిపించింది.

నాలుగే ఎందుకు, అయిదు ఎందుకివ్వలేదు అంటే, పని అవ్వగానే ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫొటో తీశారు. మా ఆవిడ వద్దంటున్నా వాట్సాప్ గ్రూపులో పెట్టారు, చెప్పాక తీసేశారు. ఇంకా, అంతా ఆ ఒక్క కుర్రాడి మీదే నడుస్తోంది. గంగమ్మ జాతర వారంలో అందరూ మజ్జిగ పంపిణీకి వెళ్లిపోతే టేబుల్ ఖాళీ, అతను లేని రోజు మిగతావాళ్లు సభ్యత్వం మిస్డ్ కాల్ నంబరు తప్ప ఇంకేం చెప్పలేరు.

వెళ్లాలనుకునేవాళ్లకి: ఫ్లెక్సీ మీద తొమ్మిది అని ఉంటుంది, పదింటికి ముందు వెళ్లకండి. ఆధార్, రైస్ కార్డు, కరెంటు బిల్లు జిరాక్సులు రెండేసి సెట్లు మీరే తీసుకెళ్లండి, ఆదివారం ఆ చుట్టుపక్కల జిరాక్స్ షాపు ఉండదు. పుస్తకం కొనమని బలవంతం లేదు. కొంటే పదిహేడో పేజీ చదవండి, చదివాక ఖర్చు లెక్క ఎంతవరకు వచ్చిందని అడగండి, నేను పోయిన వారం కూడా అడిగొచ్చా.