హిమాయత్‌నగర్ ఫ్రెంచ్ కోచింగ్‌లో క్యూబెక్ తరగతులు: ఒక సమీక్ష

కెనడా వలస కోసం ఫ్రెంచ్ నేర్పే కోచింగ్ సెంటర్లు హైదరాబాదులో చాలానే ఉన్నాయి. వాటిలో హిమాయత్‌నగర్‌లోని ఒక సంస్థ టెఫ్ అనే ఫ్రెంచ్ భాషా పరీక్ష శిక్షణతో పాటు, శనివారం సాయంత్రాల్లో కెనడాలో ఫ్రెంచ్ మాట్లాడేవారు ఎక్కువగా ఉన్న క్యూబెక్ రాష్ట్ర సమాజం గురించి కూడా తరగతులు నడుపుతోంది. ఇవి మార్కులకు పనికిరావు. అయినా ఆ సంస్థలో చేరదగిన కారణం ఇవేనని నా అభిప్రాయం.

పాఠం చెప్పే మేడం క్యూబెక్ జాతీయవాదాన్ని మొదటినుంచీ ఒకే తీరుగా ఉన్నదన్నట్టు చూపించరు. 1763లో ఫ్రాన్స్ ఆ నేలను బ్రిటన్‌కు వదులుకున్నా, 1774 చట్టం కాథలిక్ మతాన్నీ ఫ్రెంచ్ పౌర న్యాయాన్నీ ఉండనిచ్చిందని, 1837–38 తిరుగుబాట్లను అణచివేశాక మాత్రం ఫ్రెంచివారిని ఇంగ్లీషువారిలో కలిపేయడమే మార్గమని బ్రిటన్ పంపిన డర్హమ్ ప్రభువు నివేదిక ఇచ్చాడని, ఆ భయంతోనే చర్చి నీడన బతికి బట్టకట్టడమే ధ్యేయమైన జాతీయవాదం బలపడిందని ఆమె వివరించారు. పొలం, ప్రార్థన, ఇంటినిండా పిల్లలు: ఒక శతాబ్దానికి పైగా వారి రక్షణ ఇదే.

1960లో క్యూబెక్‌లో జాన్ లెసాజ్ ప్రభుత్వం వచ్చాక ఆ రక్షణ బాధ్యత చర్చి నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి మారింది. 1962 ఎన్నికల్లో మన ఇంటికి మనమే యజమానులం కావాలన్న నినాదంతో గెలిచి, మరుసటి ఏడాది ప్రైవేటు విద్యుత్ కంపెనీలను ప్రభుత్వ విద్యుత్ సంస్థ హైడ్రో క్యూబెక్‌లో కలిపేసుకున్నారు. జాతీయ గౌరవాన్ని కరెంటు కంపెనీలో చూసుకున్న ఈ ఘట్టానికి ఒక తరగతి మొత్తం కేటాయించడం నాకు బాగా నచ్చింది. క్యూబెక్ సార్వభౌమత్వంపై జరిగిన 1980 రెఫరెండాన్ని వేగంగా దాటేశారు. 1995లో జరిగిన రెండో రెఫరెండం దగ్గర మాత్రం బోర్డు మీద వద్దన్నవారు 50.58 శాతం, కావాలన్నవారు 49.42 శాతం అని రాసి, తేడా 54,288 ఓట్లేనన్నారు. వెనక బెంచీ నుంచి ఒకరు, "రీకౌంటింగ్ అడగలేదా మేడం?" అన్నారు. ఫలితం వచ్చిన రాత్రే, విడిపోవాలన్న పక్షాన నిలిచిన క్యూబెక్ ముఖ్యమంత్రి పారిజో ఓటమిని డబ్బు మీదకూ ఇతర జాతుల ఓట్ల మీదకూ నెట్టాడని ఆమె చెప్పగానే నవ్వులు ఆగిపోయాయి. ఆ "ఇతరుల"లో చేరడానికే కదా అక్కడున్నవారంతా ఫీజు కట్టింది!

అయితే 1977 నాటి 101వ చట్టం వలసదారుల పిల్లలను ఫ్రెంచ్ బడులకు పంపడంతో, హైతీ, వియత్నాం కుటుంబాల పిల్లలూ ఫ్రెంచ్ మాట్లాడుతూ పెరిగారు. జాతికి రక్తసంబంధం కంటే భాషే గుర్తవుతూ వచ్చింది. ఆ తరువాత మలుపు మళ్లీ మతం దగ్గరే. ఒకనాడు చర్చిని అంటిపెట్టుకున్న సమాజమే 2019లో 21వ చట్టంతో ప్రభుత్వ బడుల టీచర్లకు శిలువ, తలపాగా, హిజాబ్ అన్నింటినీ నిషేధించింది. బీఈడీ చదివిన, హిజాబ్ ధరించే ఒక విద్యార్థిని ఇది తనకు వర్తిస్తుందా అని అడిగితే, "కొత్తగా చేరేవాళ్లకు తప్పదమ్మా" అని మేడం ఉన్నదున్నట్టు చెప్పారు. కన్సల్టెన్సీల ప్రకటనల్లో ఇంత నిజాయితీ కనిపించదు.

లోపాలు లేకపోలేదు. సంస్థ ఇచ్చిన అచ్చు పుస్తకం 1995తో ఆగిపోతుంది. మిగతాదంతా మేడం సొంత నోట్సు. 1990లో క్యూబెక్‌లోని ఓకా వద్ద తమ భూమి కోసం నిలబడిన మోహాక్ ఆదివాసుల గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. 1969 తెలంగాణ ఉద్యమంతో పోలిక వచ్చినప్పుడల్లా చర్చ దారితప్పి సమయం కరిగిపోయింది. ఇక్కడ రెండు వైపులా తెలుగే కాబట్టి, భాషే కంచెగా నిలిచిన క్యూబెక్‌కు ఆ పోలిక కొంతవరకే నప్పుతుంది.

ఈ తరగతులకు విడిగా చేరే వీలు లేదు, పూర్తి కోర్సు ఫీజు కట్టాల్సిందే. ఇంగ్లీషు మాట్లాడే టొరంటో వెళ్లేవారికి అంత ఖర్చు అనవసరం. క్యూబెక్‌లోని మాంట్రియల్ వెళ్లేవారు మాత్రం చేరవచ్చు. 2022 నాటి 96వ చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, వచ్చిన ఆరు నెలల తరువాత అక్కడి ప్రభుత్వం వలసదారులతో ఫ్రెంచిలోనే వ్యవహరిస్తుంది.