1918 ఇన్‌ఫ్లుయెంజా: రేవు మూయడం మేలా, ఊరు మూయడం మేలా?

1918లో ఇన్‌ఫ్లుయెంజా ప్రపంచాన్ని చుట్టుముట్టిన నాటికి దానికి టీకా లేదు సరికదా, అది వైరస్ వల్ల వస్తుందన్న సంగతే వైద్యులకు తెలియదు. అందుచేత పాలకులకు మిగిలినవి ప్రధానంగా రెండే దారులు: బయటివారిని లోనికి రానివ్వకపోవడం, లోపలివారిని గుమికూడనివ్వకపోవడం.

మొదటి దారి విలువ తెలియాలంటే పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవులను చూడాలి. భాష ఒకటే, జనం ఒకటే, నడుమ సముద్రం వంద కిలోమీటర్ల లోపే. కాకపోతే పడమటి దీవులు న్యూజీలాండ్ సైనిక పాలనలోను, తూర్పు దీవులు అమెరికా నౌకాదళం చేతిలోను ఉండేవి. నవంబరు 7న ఆక్లండ్ నుంచి రోగులతో వచ్చిన తలూన్ అనే ఓడను పడమటి దీవుల్లోని అపియా రేవులో అడ్డు చెప్పకుండా రానిచ్చారు. కొద్ది వారాల్లోనే సుమారు 8,500 మంది, అంటే జనాభాలో ఐదో వంతుకు పైగా, చనిపోయారు. తూర్పున గవర్నర్ జాన్ పోయర్ రేడియో వార్తలతోనే అప్రమత్తమై ఓడలకు క్వారంటైన్ విధించగా, దొంగచాటుగా పడవలు ఒడ్డుకు చేరకుండా ఊళ్లవాళ్లే తీరం వెంట కాపలా కాశారు. అక్కడ ఈ జబ్బుతో ఒక్క ప్రాణమూ పోలేదు. పోయర్ వైద్య సాయం పంపుతానన్నా పడమటి పాలకుడు కర్నల్ లోగన్ అందుకోలేదు. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం.

అయితే రైళ్లు నలువైపులా కలిసే నగరానికి తలుపు ఎక్కడుంది? అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జబ్బు అప్పటికే పాకుతున్నా సెప్టెంబరు 28న యుద్ధ రుణ పత్రాల కోసం ఊరేగింపు జరిపారు. దానికి దాదాపు 2 లక్షల మంది వచ్చారు. బడులు, చర్చిలు, నాటకశాలలు మూసేసరికి అక్టోబరు 3 అయింది. సెయింట్ లూయిస్‌లో మాత్రం పౌరులలో తొలి కేసులు కనబడిన రెండు రోజులకే ఆరోగ్య కమిషనర్ మ్యాక్స్ స్టార్క్‌లాఫ్ వాటిని మూయించారు. జబ్బు ఉధృతంగా ఉన్న వారంలో లక్ష జనాభాకు మరణాలు ఫిలడెల్ఫియాలో 257 కాగా, సెయింట్ లూయిస్‌లో 31 మాత్రమే.

నా లెక్కలో దీవికి రేవు మూయడమే మేలు. అది పూర్తిగా ఫలిస్తే లోపల బడి మూయాల్సిన పనే ఉండదు. కానీ ఆ అవకాశం కొద్ది చోట్లకే దక్కుతుంది. యుద్ధకాలపు ఓడలు వచ్చిపోతూనే ఉన్న బొంబాయి రేవు ద్వారా మన దేశంలో అడుగుపెట్టిన జబ్బు రైలు మార్గాల వెంట లోపలికి పాకింది. అలాంటి చోట ఊరు మూయడమే దిక్కు. దానికీ చిక్కు లేకపోలేదు. నవంబరులో ఆంక్షలు సడలించగానే సెయింట్ లూయిస్‌లో కేసులు మళ్లీ పెరిగి, తెరిచిన తలుపులను తిరిగి మూయవలసి వచ్చింది.