ఊక బాయిలర్ ఐడీ ఫ్యాన్‌కు లేజర్ కార్బైడ్ పూత: నాలుగు సీజన్ల తర్వాత

రెండు వానాకాలాలు, రెండు యాసంగులు నడిచాక ఐడీ ఫ్యాన్ (బాయిలర్ పొగను లాగి చిమ్నీలోకి తోసే ఫ్యాన్) విప్పి చూసిన సంగతులివి. పెద్దపల్లి వైపు బాయిల్డ్ రైస్ మిల్లు, ఊక బాయిలర్. ఊక బూడిదలో 85 నుంచి 95 శాతం సిలికాయే. సైక్లోన్‌కు (పొగను సుడి తిప్పి బూడిదను వేరుచేసే డబ్బా) చిక్కని సన్న బూడిదంతా ఇంపెల్లర్‌ను, అంటే ఫ్యాన్‌లో తిరిగే బ్లేడ్ల చక్రాన్ని, గీరుకుంటూ పోతుంది. సాదా ఎంఎస్ (మైల్డ్ స్టీల్) బ్లేడ్లు వెనక ప్లేటు అతుకు దగ్గర సీజన్ తిరిగేసరికి పల్చబడేవి.

బ్లేడ్ల మీద అతికే 8 ఎంఎం లైనర్ ప్లేట్లకు, లేజర్‌తో పౌడర్ కరిగించి 1 ఎంఎం పూత వేయించాం. పౌడర్‌లో సగం బరువు నికెల్-క్రోమియం-బోరాన్-సిలికాన్, సగం టంగ్‌స్టన్ కార్బైడ్. కార్బైడ్ నికెల్‌కు రెట్టింపు బరువు కాబట్టి, బరువులో సగమంటే ఘనపరిమాణంలో మూడో వంతే. కొటేషన్‌లో ఉన్న 50 శాతం బరువా, ఘనపరిమాణమా అని అడిగి రాయించుకోండి.

బ్లేడు నడిమి భాగంలో, బూడిద ఏటవాలుగా రాసుకుపోయే చోట, పూత గట్టిగా నిలిచింది. చేత్తో తడిమితే సన్న గరుకు కాగితంలా తగులుతుంది. భూతద్దం పెట్టి చూస్తే, కార్బైడ్ గింజలు పైకి తేలి ఉన్నాయి, ఒక్కో గింజ చాటున నికెల్ తోకలా మిగిలింది. పూత పనిచేసే తీరే ఇది. గింజ దెబ్బ కాస్తుంది, నికెల్ గింజను పట్టి ఉంచుతుంది.

గాలి లోపలికొచ్చే అంచు మీద మాత్రం పెచ్చులు లేచాయి. అక్కడ బూడిద ఎదురుగా కొడుతుంది, పెళుసు గింజలు అలాంటి దెబ్బకు ఆగవు. ఆ అంచుకు కార్బైడ్ బరువులో 30-35 శాతానికి తగ్గించడమే మేలు. గోదావరిఖని వైపు బొగ్గు క్రషర్ హ్యామర్లకు ఇదే పూత వేయిద్దామనుకునేవారికి కూడా, ఈ కారణంగానే, వద్దనే చెబుతాం.

అసలు నష్టం పూత లేని చోట జరిగింది. లైనర్‌ను వెల్డ్ చేయడానికి చుట్టూ 15 ఎంఎం ఖాళీ వదిలారు. పూత మీద ఆర్క్ తగిలితే కార్బైడ్ కరిగి పగుళ్లు వస్తాయి, కాబట్టి వదలక తప్పదు. కానీ బూడిద ఆ మెత్తటి పట్టీని తవ్వి, పూత కిందికి దూరి, అంచును కిందినుంచి ఖాళీ చేసింది. ఇప్పుడు ఆ పట్టీ మీద క్రోమియం కార్బైడ్ రాడ్‌తో రెండు వరుసలు పోయించాం. ఒక్క వరుస చాలదు, మొదటి వరుసలో కింది ఇనుము బాగా కలిసిపోయి గట్టిదనం పడిపోతుంది. లేజర్ పూతలో ఆ కలయిక 5 శాతం లోపే ఉంచవచ్చు, డబ్బు పెట్టేది దానికే.

పని ఒప్పుకునే ముందు అదే పౌడర్‌తో, అదే సెట్టింగ్‌తో ఒక నమూనా ముక్కకు పూత వేయించి, అడ్డంగా కోయించి, పాలిష్ చేయించి చూడండి. గింజలన్నీ అడుగుకు దిగి ఉంటే కరిగిన లోహం మరీ వేడిగా, చాలాసేపు ఉన్నట్టు. గింజల అంచులు కరిగి మసకబారి ఉంటే చుట్టూ ఉన్న నికెల్ పెళుసెక్కినట్టే. పూతకు నిలువుగా ఒకటి రెండు సన్న పగుళ్లున్నా నడుస్తుంది. పూతకూ ప్లేటుకూ మధ్య అడ్డంగా పగులు కనిపిస్తే ఆ పని ఒప్పుకోవద్దు. పూతకు ముందు ప్లేటును 200-300 డిగ్రీల దాకా వేడి చేస్తే పగుళ్లు తగ్గుతాయి.

ప్లేటు పూత వైపు వంగుతుంది. ప్రెస్‌లో సాపు చేయబోతే పూత చిట్లుతుంది. ముందే మందపాటి బల్లకు బిగించి వేయించాలి. బరువు కూడా చూసుకోవాలి, పది సెంటీమీటర్ల చదరం మీద ఈ పూత సుమారు 110 గ్రాములు. లైనర్లు తూచి, సరిసమానమైన జతలను ఎదురెదురుగా పెట్టాక డైనమిక్ బ్యాలెన్సింగ్ (చక్రాన్ని తిప్పుతూ బరువు సరిచేయడం) చేయించాలి.

వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) ఉన్నవాళ్లు డ్రాఫ్ట్, అంటే పొగ లాగే బలం, సరిపోయినంతలో వేగం 10 శాతం తగ్గిస్తే అరుగుదల దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, పూత ఉన్నా లేకున్నా.

వచ్చే లైనర్లకు వెనక వైపు, నట్లతో బిగించే స్టడ్లు వెల్డ్ చేయించి, ఆ తర్వాతే పూతను అంచు దాకా పోయించబోతున్నాం. అప్పుడు ఆ 15 ఎంఎం పట్టీయే ఉండదు.