స్ట్రీట్ పోర్ట్ చేయించి నాలుగేళ్లు: తప్పు పోర్టులది కాదు

టర్బో లేని నా 1988 మాజ్డా ఆర్ఎక్స్-7కి స్ట్రీట్ పోర్ట్ చేయించి, అంటే దాని రోటరీ ఇంజన్‌లోకి గాలి వెళ్లే రంధ్రాలని (పోర్టులని) అరగదీసి పెద్దవి చేయించి, నాలుగేళ్లయింది. మేముండేది డాలస్ దగ్గర, ఇది శని ఆదివారాల బండి, ఆఫీసుకి వేరే కారుంది. నేను చెప్పేదంతా ఆ లెక్కలో చదవండి.

మొదటి ఏడాది ఏడుపొక్కటే తక్కువ. ఇంజన్ మొత్తం విప్పించి, సీళ్లన్నీ కొత్తవి వేయించి, పోర్టులు ఆలస్యంగా మూసుకునేలా పై అంచు అరగదీయించి, పనిలో పనిగా పొగ అడ్డు లేకుండా బయటికి పోయే ఫ్రీ-ఫ్లో ఎగ్జాస్ట్ గొట్టం కూడా పెట్టిస్తే, ఇంత చేసినా 4000 ఆర్‌పీఎం దాటగానే బండికి ఆయాసం! పోర్టింగ్ చేసినాయన మీదే అనుమానపడి గట్టిగానే అడిగాను. ఆయన కోప్పడలేదు, "ఐదో పోర్టు, ఆరో పోర్టు తెరుచుకుంటున్నాయో లేదో చూశారా?" అన్నాడంతే.

ఇంజన్ వేగం పెరిగాక మాత్రమే తెరుచుకోవాల్సిన అదనపు పోర్టులవి. చూశాను. వాటిని తెరిచి మూసే స్లీవులు మసి పట్టి బిగుసుకోలేదు, చేత్తో తిప్పితే తేలిగ్గానే తిరిగాయి. ఆ స్లీవుల్ని తిప్పే యాక్చుయేటర్ కడ్డీ మీద వేలితో కాస్త గ్రీజు రాసి, హైవే ఎక్కి 6500 దాకా లాగి, ఇంటికొచ్చి బానెట్ ఎత్తితే గ్రీజు చెక్కుచెదరలేదు. కడ్డీ కదిలితే కదా! 1986-88 బళ్లలో దాన్ని నెట్టేది ఎగ్జాస్ట్‌లో పుట్టే ఎదురు ఒత్తిడి, నేను ముచ్చటపడి కొన్న గొట్టం ఆ ఒత్తిడినే లేకుండా చేసింది. అన్యాయంగా అన్న మాటలకి ఆయనకి క్షమాపణ చెప్పుకున్నాను.

ఆ కడ్డీని నెట్టడానికి చిన్న ఎలక్ట్రిక్ ఎయిర్ పంపు, 3800 దగ్గర దాన్ని ఆన్ చేసే ఆర్‌పీఎం స్విచ్ పెట్టాక మొదటిసారి లాగినప్పుడు ఇంజన్ గొంతే మారిపోయింది, 7000 దాకా ఎక్కడా అలుపు లేదు. ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

తక్కువ ఆర్‌పీఎంలో లాగే బలం (టార్క్) ఏమీ తగ్గలేదని అప్పట్లో అందరికీ చెప్పాను గానీ, ఆగస్టు ఎండలో ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో పడితే 2500 లోపు నీరసంగానే ఉంటుంది, సిగ్నల్ దగ్గర క్లచ్‌ని కాస్త ఎక్కువసేపు జారనివ్వాల్సి వస్తుంది. పెట్రోలు కూడా మునుపటికంటే ఎక్కువే తాగుతోంది.

సీళ్లు పోయి ఎలాగూ ఇంజన్ విప్పుతుంటే చేయించుకోండి. పోర్టుల కోసమే విప్పించమని నేనైతే చెప్పలేను, రోజూ ఆఫీసుకి అదే బండయితే అసలే చెప్పను. 1989, ఆ తర్వాతి టర్బో లేని మోడల్ ఉన్నవాళ్లకి ఆ కడ్డీలకి గాలి కంపెనీ పెట్టిన ఎయిర్ పంపు నుంచే అందుతుంది కాబట్టి నా తిప్పలు ఉండవు, బరువు తగ్గుతుందని ఆ పంపు పీకేయకపోతే.